నాలుగు బై అయిదు, ఎడమ పక్క

మా గుంటూరు బ్రాడీపేటలో ఇంటి గుర్తు చెప్పడం తేలిక. వీధి పేరు కంటే అంకె ముఖ్యం. "నాలుగు బై అయిదు" అంటే నాలుగో లైను, అయిదో అడ్డరోడ్డు. శంకర్‌విలాస్ సెంటర్లో ఆటో ఎక్కి ఆ రెండంకెలూ చెప్తే చాలు, సరిగ్గా మూల మీద దింపుతారు. దిగాక ఇంకొక్క మాట కావాలి. ఎడమ పక్కా, కుడి పక్కా? అది తెలియకపోతే మూల మీదే నిలబడి ఫోన్ చేసుకోవాలి.

ఉగాది ముందు, మిర్చి యార్డుకి కాయ విరగబడి వస్తున్న రోజుల్లో, మా మేనల్లుడు గోడ పట్టుకుని మెల్లిగా మెట్లెక్కి వచ్చాడు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా వాడు. టిక్కీలు మోసే పని వాడిది కాదు. ఆ రోజు హమాలీలు తక్కువై, వరస మీంచి జారిపోతున్న బస్తాని తనే వంగి పట్టుకున్నాడట. టిక్కీ అంటే మిర్చి బస్తా, నలభై కిలోల పైమాటే. నడుంలో కలుక్కుమంది. రెండు రోజులకి నడుం నొప్పి కాస్త నెమ్మదించింది కానీ, పిర్రలో మొదలై, తొడ వెనగ్గా దిగి, పిక్క బయటి పక్క నుంచి పాదం మీదుగా బొటనవేలి దాకా ఎడమ కాలు లాగడం మొదలైంది. డాక్టరుగారు పరీక్ష చేసి ఎమ్మారై తీయించారు. ఆ కవరు నా చేతికిచ్చి మంచం మీద వాలాడు.

"చూశావా మావయ్యా, నా నడుంకి కూడా బ్రాడీపేట అడ్రసే రాశారు" అన్నాడు. రిపోర్టులో ఉన్నది 'ఎల్ 4-5'. నడుంలో నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య ఉన్న డిస్కు అని దాని అర్థం.

మా మనవరాలు పదో తరగతి. ఫిల్మును కిటికీ వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది. "తాతయ్యా, మావయ్యకి నొప్పి ఎడమ కాల్లో. బొమ్మలో ఉబ్బు కుడి పక్కన ఉంది. వేరేవాళ్ళ ఫిల్ము ఇచ్చారేమో!" అంది.

నాకెంత సంతోషమైందో చెప్పలేను. నలభై ఏళ్ళు జంతుశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి, ఇలాంటి అనుమానం కోసమే కదా చెప్పింది! వెంటనే గోడ మీదున్న భద్రాద్రి రాముడి పటం చూపించాను. "సీతమ్మ ఎటు కూర్చుంది అమ్మలూ?" "కుడి పక్క." "నీకు కుడి పక్క. రాముడికి?" అది పటానికి వీపు పెట్టి నిలబడి, తనే రాముడై చెయ్యి చాపి చూసుకుంది. "ఎడమ తొడ!" అంది.

ఎమ్మారై అడ్డకోత బొమ్మలదీ అదే లెక్క. మనిషి వెల్లకిలా పడుకుంటే, మనం పాదాల వైపు నిలబడి తలవైపు చూస్తున్నట్టుగా వాటిని అచ్చువేస్తారు. అందుకని రోగి ఎడమ మనకి కుడి పక్కన పడుతుంది. ఎక్కడా తికమక రాకుండా అంచుల్లో ఆర్, ఎల్ అని అక్షరాలు కూడా వేస్తారు. మా మనవరాలు వెతికి పట్టుకుంది. ఉబ్బు ఉన్న వైపు 'ఎల్' ఉంది. కాలు చెప్పిందీ ఫిల్ము చెప్పిందీ ఒకటే.

ఈ తికమక పిల్లలకే వస్తుందని అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం ఒక చిట్టా తయారుచేసింది. మత్తు ఇవ్వకముందే రోగి పేరు, చేసే ఆపరేషన్, ఏ పక్క అన్నది రోగి చేతే చెప్పించుకోవాలి, చర్మం మీద గుర్తు పెట్టాలి అన్నది అందులో మొట్టమొదటి భాగం. మనిషికి చాలా అవయవాలు జతలుగా ఉండడం వల్ల వచ్చిన జాగ్రత్త అది.

"అయితే డిస్కు ఎడమకే ఎందుకు జారింది?" అంది. ఇక్కణ్ణించి అసలు కబురు.

ముందు ఆ 'జారడం' అన్న మాట సరిచేశాను. డిస్కు, పళ్ళెంలో ఇడ్లీలాగా జరిగిపోయే వస్తువు కాదు. కింది పూసకీ పై పూసకీ గట్టిగా అతుక్కుని ఉంటుంది. మెడ నుంచి నడుం కింద దాకా అలాంటివి 23. ఒక్కొక్కటీ లేత తాటిముంజె లాంటిది. లోపల జిగురుగా నీళ్ళతో నిండిన గుజ్జు, చుట్టూ గట్టి గోడ. చిన్నతనంలో ఆ గుజ్జులో నూటికి ఎనభై పాళ్ళు పైగా నీరే. పగలంతా మన బరువుకి కొంచెం కొంచెం నీరు బయటికి పోతుంది, రాత్రి పడుకుంటే మళ్ళీ పీల్చుకుంటుంది. పొద్దున్న లేవగానే మనిషి సాయంత్రం కంటే ఒక సెంటీమీటరు పైచిలుకు పొడుగుంటాడు. ఆ ఉబ్బు మీద వంగితే గోడకి ఒత్తిడి ఎక్కువ. అందుకే లేస్తూనే వంగి నీళ్ళ బకెట్టు ఎత్తొద్దని మా ఇంట్లో అందరికీ చెప్తుంటాను. వయసు పెరిగేకొద్దీ ముంజె ముదిరినట్టే గుజ్జు ఎండుతుంది.

గోడ సంగతి ఇంకా ముచ్చటైనది. పదిహేను నుంచి పాతిక దాకా పొరలు, ఉల్లిపాయలో లాగా ఒకదాని మీద ఒకటి. ఒక పొరలో నారపోగులు కుడికి ఏటవాలుగా ఉంటే, తరవాతి పొరలో ఎడమకి ఏటవాలుగా ఉంటాయి. మనిషి ఎటు మెలితిరిగినా సగం పొరలు బిగుసుకుని పట్టుకుంటాయి, మిగతా సగం వదులవుతాయి. ముందుకి వంగి, అదే సమయంలో పక్కకి మెలితిరిగి బరువెత్తితే వెనక గోడకి ఎందుకు కష్టమో దీన్ని బట్టే తెలుస్తుంది. పైగా వెనక గోడ ముందు గోడ కంటే పల్చన.

ఆ పల్చని గోడ వెనకనే నరాలు దిగే కాలువ ఉంది. అందుకని శరీరం అక్కడొక కాపలా పెట్టింది. పూసల వెనక, సరిగ్గా నడిమధ్యన, మెడ నుంచి కింద దాకా ఒక పొడవాటి పట్టీ. మెడ దగ్గర వెడల్పుగా ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. బరువంతా పడే నడుం దగ్గరికి వచ్చేసరికి జడపాయంత. అంటే నడిమధ్య దారికి తలుపు ఉంది, ఆ తలుపుకి అటూ ఇటూ సందు ఉంది. గోనెసంచికి నడుమ కుట్టు గట్టిగా వేసి పక్కలు వదిలేస్తే మిరపకాయ ఎక్కణ్ణించి రాలుతుంది? పక్కనుంచే. గుజ్జు కూడా అంతే. నేరుగా వెనక్కి రాలేక, వెనక-ఎడమకో, వెనక-కుడికో తోసుకొస్తుంది. కాళ్ళు రెండున్నా నొప్పి ఎక్కువమందికి ఒక కాల్లోనే రావడానికి కారణం ఆ సన్నని పట్టీ!

నడుం డిస్కులు చిట్లడంలో నూటికి తొంభై అయిదు చివరి రెండు అడ్రసుల్లోనే జరుగుతాయి. నాలుగు-అయిదు మధ్యన, లేదా అయిదుకీ దాని కింది త్రికాస్థికీ మధ్యన.

ఇప్పుడు నరం సంగతి. వెన్నుపాము నడుం కింద దాకా రాదు. నడుంలో మొదటి రెండు పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణించి కిందికి విడివిడి నరాల కుచ్చు వేలాడుతుంది. లాటిన్‌లో దానికి గుర్రపు తోక అని పేరు. ఆ కుచ్చులోంచి ఒక్కో నరం ఎడమకొకటి, కుడికొకటి, తన పూస కింది కిటికీలోంచి బయటపడుతుంది. నాలుగో నరం నాలుగు-అయిదు కిటికీలోంచే పోవాలి. కానీ అది డిస్కుకి కాస్త పైగానే బయటికి దాటేసి ఉంటుంది, దిగేసిన ప్రయాణికుడిలాగా. తరవాతి స్టేజీలో దిగాల్సిన అయిదో నరం అప్పుడే తలుపు దగ్గరికి వచ్చి నిలబడి ఉంటుంది. తోసుకొచ్చిన గుజ్జు తగిలేది దానికి. కనుక నాలుగు-అయిదు డిస్కు మామూలుగా నొక్కేది అయిదో నరాన్ని. గుజ్జు మరీ పక్కకి, కిటికీ దాకా పోతే మాత్రం నాలుగోది దొరుకుతుంది.

అయిదో నరం పాదం పైభాగానికీ బొటనవేలికీ పోతుంది. బొటనవేలిని పైకి ఎత్తేది ముఖ్యంగా అదే. మేనల్లుడి పక్కన కూర్చుని, రెండు బొటనవేళ్ళూ పైకి ఎత్తమని, మనవరాలిని తన వేళ్ళతో కిందికి నొక్కమన్నాను. కుడి వేలు కదల్లేదు. ఎడమది కొంచెం లొంగింది. "తాతయ్యా, ఇది మెత్తగా ఉంది" అని అది గుసగుసగా అంది. డాక్టరుగారు ఫిల్ము తియ్యకముందే అదే పరీక్ష చేసి కాగితం మీద 'ఎడమ, ఎల్ 5' అని రాసి పెట్టారు. యంత్రం తరవాత వచ్చి ఆ మాటకి సాక్ష్యం చెప్పింది. నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఇదొక్కటే. ముందు కాలుని అడగాలి, ఆ తరవాతే బొమ్మని.

నొప్పి ఇంకో చోటుదైతే కాలు ఇంకోలా చెప్తుంది. అయిదో పూస కింది డిస్కు అయితే చిటికెనవేలి వైపు తిమ్మిరి, మడమ వెనక సుత్తితో తడితే పాదం ఉలకదు, మునివేళ్ళ మీద నిలబడటం కష్టం. నాలుగో నరమైతే తొడ ముందు భాగం, మోకాలు, ముంగాలి లోపలి పక్క.

"మరి మన వీధి చివరి తాతగారికి మెదడులో ఎడమ పక్క దెబ్బ తగిలితే కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి కదా? మావయ్యకి ఎడమ నరం నొక్కితే ఎడమ కాలే ఎందుకు?" అంది మనవరాలు. మంచి ప్రశ్న. మెదడు నుంచి కదలిక ఆజ్ఞలు తెచ్చే తీగల్లో చాలా భాగం మెదడు అడుగున, మెడ మొదట్లో, ఎడమవి కుడికీ కుడివి ఎడమకీ దాటుతాయి. నొప్పి కబురు తీసుకెళ్ళే తీగలు వెన్నుపాములోకి వచ్చాక దాటుతాయి. నడుం దగ్గరి నరం వెన్నుపాముకి బయట ఉన్న ముక్క. దాటడాలన్నీ దానికి పైన జరిగే సంగతి. అందుకని పక్షవాతం ఎదురు పక్క, ఈ తుంటినొప్పి అదే పక్క.

తుంటినొప్పి మనవాళ్ళకి కొత్త కాదు. చరకుడూ సుశ్రుతుడూ దీన్ని గృధ్రసి అన్నారు. గృధ్రం అంటే రాబందు. కాలు ఈడ్చుకుంటూ పక్కకి ఒరిగి నడిచే తీరుని చూసి ఆ పేరు వచ్చిందంటారు. కాలు పైకి ఎత్తనివ్వకుండా పట్టేస్తుందని సుశ్రుతుడు ఒక లక్షణం చెప్పాడు. సరిగ్గా ఆ లక్షణమే ఈనాటి డాక్టర్లు మంచం మీద చేసే పరీక్ష. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకి ఎత్తుతారు. నరం నొక్కుకుని ఉంటే ముప్ఫై నుంచి డెబ్భై డిగ్రీల మధ్య ఎక్కడో కాలంతా మెరుపు కొడుతుంది. ఫ్రాన్స్‌లో లాసెగ్ అనే డాక్టరు పేరుతో ఇది ప్రసిద్ధం. ఆయన శిష్యుడు ఫోర్స్ట్ 1881లో రాశాడు. దానికి ఒక ఏడాది ముందే సెర్బియాలో లాజా లాజరెవిచ్ రాశాడు. ఆయన వైద్యుడే కాదు, వాళ్ళ భాషలో పేరున్న కథకుడు కూడా. మనుషుల్ని దగ్గరగా చూసేవాడికి రెండు పనులూ వస్తాయి కాబోలు.

ఈ పరీక్షలో నాకు బాగా ఇష్టమైన మెలిక ఒకటుంది. నొప్పి లేని కాలు ఎత్తుతారు, నొప్పి ఉన్న కాలు అరుస్తుంది! కుడి కాలు ఎత్తినప్పుడు కుడి నరాలతో పాటు నరాల సంచి మొత్తం కొద్దిగా లాగబడుతుంది. ఎడమ పక్క గుజ్జు మీద బిగిసి ఉన్న నరం ఆ కాస్త లాగుడినీ తట్టుకోలేదు. ఇది అందరిలో కనపడదు. కనపడితే మాత్రం డిస్కే అని డాక్టర్లు గట్టిగా నమ్ముతారు.

"కుడిచేతి వాటం వాళ్ళకి ఏ పక్క ఎక్కువ?" అని మేనల్లుడు అడిగాడు. కొన్ని ఆసుపత్రుల లెక్కల్లో ఎడమ కొద్దిగా ముందుంటుంది, కొన్నిట్లో రెండూ సమానం. చేతివాటం చూసి నడుం జోస్యం చెప్పలేం. ఎడమ కుడి తేడా బల్లగుద్దినట్టు కనిపించే నడుం జబ్బు ఇంకొకటి ఉంది. అది క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్లది. వాళ్ళకి పూస వెనక కమానులో సన్నని బీట పడుతుంది. కుడిచేత్తో వేసేవాడికి ఆ బీట ఎక్కువగా ఎడమ పక్క, ఎడమచేత్తో వేసేవాడికి కుడి పక్క. బంతి వదిలేటప్పుడు ముందు కాలు నేలని గుద్దుతుంది, అదే క్షణంలో ఒళ్ళు వెనక్కీ, ఎదురు పక్కకీ వంగి మెలితిరుగుతుంది. ఆ ఒరిగిన పక్క పూసలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. వేల బంతులు అదే పక్క.

బరువు మోయడంలోనూ పక్కలున్నాయి. కుడి చేత్తో బిందె పట్టుకుంటే మనం కుడికి ఒరిగిపోకుండా ఎడమ నడుం కండరం లాగిపట్టాలి. అప్పుడు డిస్కు మీద బిందె బరువూ పడుతుంది, ఆ లాగుడూ పడుతుంది. అదే నీళ్ళు రెండు చేతుల్లో సగం సగం పట్టుకుంటే ఆ పక్క లాగుడు ఉండదు. మన పాతవాళ్ళ కావడి ఎంత తెలివైన పనిముట్టో చూడండి. ముందుకి వంగి పట్టుకోవడం అన్నిటికంటే చేటు. ఏతంలో లాగా లెక్క కట్టాను మా వాళ్ళ ముందు. నలభై కిలోల టిక్కీ నడుం డిస్కుకి నలభై సెంటీమీటర్ల ముందుంది. వెనక నుంచి ఆపాల్సిన వీపు కండరానికి దక్కే దూరం అయిదు సెంటీమీటర్లే. అంటే ఎనిమిది రెట్లు, మూడువందల ఇరవై కిలోల లాగుడు. బస్తాని పొట్టకి ఆనించుకుంటే అది సగానికి పడిపోతుంది.

అలాగని ఆ ఒక్క బస్తానే దోషి అనలేను. ఫిన్లండ్‌లో ఒకే పోలికతో పుట్టిన మగ కవలలు 115 జతల నడుములు పరీక్షించి 1995లో ఒక లెక్క ప్రకటించారు. ఒకడు బరువు పని, ఇంకొకడు తేలిక పని చేసిన జతల్లో కూడా డిస్కులు అరిగిన తీరు చాలావరకు ఒకేలా ఉంది. పుట్టుక వాటా బరువు వాటా కంటే పెద్దది. వాడి తల్లికి, అంటే మా చెల్లెలికీ, మా నాన్నకీ ఇదే నడుం. మేనల్లుడి గోడ ఎన్నో ఏళ్ళుగా లోలోపల బీటలిస్తూ వచ్చి ఉంటుంది. టిక్కీ చివరి తోపు తోసింది. "నేనే చేసుకున్నాను మావయ్యా" అని వాడు బాధపడుతుంటే ఈ సంగతి చెప్పాను. వాడి ముఖం తేలికపడింది.

బొమ్మని మాత్రమే నమ్మితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఏ నడుం నొప్పీ లేని 98 మందికి ఎమ్మారై తీసి 1994లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చువేశారు. సగానికి పైగా మందిలో ఒక డిస్కయినా ఉబ్బి ఉంది, నూటికి 27 మందిలో ఒక చోట పొడుచుకొచ్చి కూడా ఉంది. నొప్పి మాత్రం ఎవరికీ లేదు! అందుకే నొప్పి కుడి కాల్లో ఉండి ఉబ్బు ఎడమ పక్క కనిపిస్తే ఆ ఉబ్బుని దోషిగా నిలబెట్టకూడదు.

నడుం పట్టేసిన ప్రతివాళ్ళకీ డిస్కే అనుకోవడం మన ప్రాంతంలో ఇంకా తప్పు. మా అమ్మమ్మ ఊరు కనిగిరి వైపు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే, మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూసేవాళ్ళు, నడుం వంగిపోయి కర్ర పట్టుకున్న నడివయసువాళ్ళు కనిపించేవారు. పాపం, అది బావి నీళ్ళలోని ఫ్లోరైడు. అప్పటి నెల్లూరు జిల్లా రోగుల్ని చూసి షార్ట్, మెక్‌రాబర్ట్ తదితరులు 1937లో ఈ జబ్బు గురించి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లావే, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఫ్లోరైడు ఎముకలోనే కాదు, ఇందాక చెప్పిన పట్టీల్లాంటి వాటిలో కూడా చేరి వాటిని రాయిగా మారుస్తుంది. వెన్నంతా ఒక్క కర్రలా బిగుస్తుంది. అది ఎడమా కుడీ చూసుకోదు. ఆ నొప్పికి మందు మంచి నీళ్ళు, అది కూడా చిన్నతనం నుంచే. ఆ ఊళ్ళకి నదీజలం చేరవలసిన అవసరాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె బరువెక్కుతుంది.

ఒక పక్క నొప్పి ఓర్చుకుని చూడదగ్గది. రెండు పక్కలా వస్తే మాత్రం ఓర్చుకోకూడదు. అరుదుగా గుజ్జు పెద్దముక్క నడుమకే వచ్చి గుర్రపు తోక మొత్తాన్ని నొక్కుతుంది. రెండు కాళ్ళూ లాగడం, గుర్రం జీను తగిలే చోటంతా మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం దాని గుర్తులు. ఇందులో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళండి. పాదం ఎత్తలేక చెప్పు జారిపోతుంటే కూడా ఆలస్యం చేయకండి.

మిగతావాళ్ళకి కాలమే పెద్ద వైద్యం. గుజ్జు గోడ దాటి బయటపడగానే శరీరం దాన్ని పరాయి వస్తువుగా చూస్తుంది. రక్తంలోంచి మాక్రోఫేజ్‌లనే కణాలు వచ్చి దాన్ని కొరుక్కు తింటాయి. చిత్రమేమిటంటే పూర్తిగా తెగిపడిన పెద్ద ముక్కే చిన్న ఉబ్బు కంటే బాగా కరుగుతుంది. ఈ బయటపడ్డ గుజ్జునే 1934కి ముందు వెన్నులో పెరిగిన మృదులాస్థి గడ్డ అనుకునేవారు. బోస్టన్‌లో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు తీసిన ముక్కల్ని మళ్ళీ సూక్ష్మదర్శిని కింద చూసి, ఇది గడ్డ కాదు, చిట్లిన డిస్కే అని ఆ ఏడాది ప్రకటించారు. ఆపరేషన్ ఎప్పుడన్నది తరవాత తేలింది. నెదర్లండ్స్‌లో 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, ముందుగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి, ఆగి చూసినవాళ్ళ కంటే నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ నూటికి 95 మంది బాగయ్యారు.

మేనల్లుడికి డాక్టరుగారు మాత్రలిచ్చి, పూర్తిగా మంచాన పడొద్దు, ఓర్చుకోగలిగినంత నడవమన్నారు. వారం వారం బొటనవేలి బలం చూస్తామన్నారు. వాడు పొద్దుటిపూట మా ఇంటికి వచ్చి, నాతో పాటు లైనులోంచి అడ్డరోడ్డులోకి, అక్కణ్ణించి ఇంకో లైనులోకి మెల్లిగా నడిచేవాడు. మొదటి వారం మూల మూలకీ ఆగాడు. నాలుగో వారానికి కబుర్లు చెప్తూ నడిచాడు.

ఆ మొదటి రోజు మా మనవరాలు వాడి ఎడమ కాలు మడమ కింద చెయ్యి వేసి ఎత్తితే, కిటికీ కింది ఊచ దగ్గరికి రాకుండానే "అమ్మా" అన్నాడు. తొమ్మిదో వారం ఆదివారం మళ్ళీ పడుకోబెట్టింది. కింది ఊచ దాటింది. రెండోది దాటింది. వాడు పైకప్పు కేసి చూస్తూ ఏదో యార్డు ధర చెప్తున్నాడు.

"తాతయ్యా, మూడో ఊచ" అంది.